కార్బ్యురేటరు: ముందు శుద్ధి, పిదప సర్దుబాటు

మోటారు ఇంజను పెట్రోలుతో నడచునని అందరును ఎరుగుదురు. కాని అది పెట్రోలుకంటె ఎన్నో రెట్లు గాలిని పీల్చుకొనునని ఎరిగినవారు కొందరే. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 11 కిలోగ్రాముల గాలి కావలెను. పరిమాణములో చెప్పవలెనన్న అది ఇంచుమించు 9,000 లీటర్ల గాలి. ఒక చిన్న గది సగము నిండునంత గాలితో ఒక సీసాడు పెట్రోలును సరియైన పాలున కలిపి, పొగమంచువలె చేసి ఇంజనుకు అందించు సాధనమే కార్బ్యురేటరు. విద్యుత్తు గాని, కంప్యూటరు గాని లేకుండ, కేవలము గాలి ఒత్తిడి ఆధారముగ అది ఈ పనిని చేయును.

నేడు క్రొత్త కార్లలో కార్బ్యురేటరు లేదు. 2000 సంవత్సరము నాటికి ఉద్గారముల నియమములు కఠినమగుటచే కార్లలో దాని స్థానమును ఇంధనమును చిమ్ము ఇంజెక్షను పద్ధతి ఆక్రమించినది. 2020 ఏప్రిల్ నుండి భారత్ స్టేజి ఆరు నియమములు రాగా క్రొత్త మోటారు సైకిళ్ళనుండియు అది తొలగినది. అయినను అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, పాత జీపు, మొదటి తరము మారుతి 800 వంటి బండ్లను కాపాడుకొనుచున్నవారికిని, వానిని బాగుచేసి జీవించువారికిని కార్బ్యురేటరుతో పని తీరలేదు. పెట్రోలుతో నడచు చిన్న జనరేటర్లలోను అదియే ఉన్నది. కనుక దాని మర్మమును సులభముగా వివరింప ప్రయత్నింతుము.

ఈ వ్యాసమున మేము చెప్పదలచిన ముఖ్యాంశము ఒక్కటే. మురికి చేసిన దోషమును మరను త్రిప్పి పోగొట్టలేము. శుద్ధి ముందు, సర్దుబాటు పిదప. ఈ వరుస తప్పినచో శ్రమయు, పెట్రోలును, ధనమును వృథా యగును.

పని చేయు సూత్రము

స్విట్జర్లాండు దేశీయుడగు డానియల్ బెర్నౌలీ 1738లో ప్రచురించిన గ్రంథమున, ప్రవాహపు వేగము పెరిగినచోట దాని ఒత్తిడి తగ్గునని తెలిపెను. ఇటలీకి చెందిన వెంచురీ 1797లో, నడుమ సన్నగిల్లిన గొట్టములందలి ప్రవాహమును గూర్చి తన పరిశీలనలను వెల్లడించెను. భౌతికశాస్త్ర విద్యార్థులు తరగతిలో చదువు ఈ రెండు విషయములును కార్బ్యురేటరు గొంతులో ఒక్కచోట కలిసినవి. దోమల మందు చిమ్ము చేతిపంపును చూడుడు. గాలి వేగముగ గొట్టము మూతిమీదుగా పోవునపుడు డబ్బాలోని మందు తానై పైకెక్కి తుంపరలగును. కార్బ్యురేటరు చేయునదియు ఇదియే.

లెక్క వేసి చూతము. అంబాసిడరు ఇంజను చాలకాలము 1489 ఘన సెంటీమీటర్ల పరిమాణము కలిగియుండెను. నాలుగు స్ట్రోకుల ఇంజను గనుక రెండు చుట్లకు ఒకసారి అంత గాలిని పీల్చును. నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునపుడు, థ్రాటిల్ పూర్తిగా తెరచియుండినచో, నిమిషమునకు సుమారు 2,200 లీటర్ల గాలి లోనికి పోవలెను. గొంతు వ్యాసము 25 మిల్లీమీటర్లనుకొందము. అచట గాలివేగము సెకనుకు 75 మీటర్లు దాటును. ఇది గంటకు 270 కిలోమీటర్ల వేగము, అనగా పెనుతుఫాను గాలికంటె హెచ్చు. ఆ వేగముచేత గొంతులో తగ్గు ఒత్తిడి సుమారు 35 సెంటీమీటర్ల నీటిమట్టమునకు సమానము. ఈ స్వల్పమైన తేడాయే పెట్రోలును గిన్నెనుండి లాగి గాలిలో చిమ్మును. ఇంత సున్నితమైన బలముతో పనిచేయు సాధనములో ఒక ఇసుకరేణువైనను ఎంతటి విఘ్నము కలిగించునో ఊహింపవచ్చును.

ఈ సాధనము ఒక్కనాట పుట్టినది కాదు. కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన బండిలో గాలి పెట్రోలుమీదుగా పోయి ఆవిరిని తీసికొని పోవుచుండెను. పెట్రోలును సన్నని రంధ్రమునుండి చిమ్ము పద్ధతికి 1893లో హంగరీలో బాంకీ, చోంకా అనువారును, జర్మనీలో మేబాక్ అను నతడును వేర్వేరుగ పేటెంట్లు పొందిరి. వీధిలో పూలమ్ము బాలిక నోటితో పూలపై నీరు చిమ్ముట చూచి బాంకీకి ఈ ఆలోచన తట్టెనని ఒక కథ ప్రచారములో నున్నది. తరువాత ఫ్రాన్సు దేశపు సోలెక్స్, ఇంగ్లండు దేశపు ఎస్.యు. కార్బ్యురేటర్లు ప్రసిద్ధికెక్కినవి. మన దేశపు పాత కార్లలో ఎక్కువగ కనబడునవి ఈ రెండు జాతులే.

లోపలి భాగములు

పెట్రోలు పంపునుండి వచ్చు ఇంధనము మొదట ఫ్లోటు గిన్నెలో చేరును. ఆ గిన్నెలో ఇత్తడితో గాని, ప్లాస్టిక్కుతో గాని చేసిన ఫ్లోటు తేలుచుండును. మట్టము పెరిగినకొలది ఫ్లోటు పైకి లేచి, సూది వంటి నీడిల్ వాల్వును మూసివేయును. ఇండ్లపై నీళ్ళ ట్యాంకులలో బంతి పనిచేయు విధమే ఇది. ఈ మట్టము రెండు మూడు మిల్లీమీటర్లు మారినను ఇంజను నడక మారును.

గిన్నెనుండి ఇంధనము ఇత్తడి జెట్ల గుండా పోవును. మెయిన్ జెట్టు బండి సాగిపోవునపుడు ఇంధనమిచ్చును. పైలట్ జెట్టు బండి నిలిచి ఇంజను నెమ్మదిగ తిరుగునపుడు, అనగా మెకానిక్కులు స్లో స్పీడు అను స్థితిలో, ఇంధనమిచ్చును. ఏర్ జెట్టు వేగము పెరిగినపుడు మిశ్రమము మరీ చిక్కబడకుండ గాలిని కలుపును. యాక్సిలరేటరును హఠాత్తుగా నొక్కినపుడు ఒక చిన్న రబ్బరు డయాఫ్రము పంపు కొంచెము ఇంధనమును అదనముగ చిమ్మును. మనవారు పికప్ అను దానికి ఇది ముఖ్యాధారము. చల్లని ఇంజనును లేపుటకు చిక్కని మిశ్రమము కావలెను గనుక దానికి చోక్ ఏర్పాటు కలదు. గొంతు అడుగున నుండు థ్రాటిల్ రేకు మన పాదము ఆజ్ఞను శిరసావహించి తెరచుకొనుచు మూసికొనుచు నుండును.

వెలుపల మనకు అందుబాటులో నుండు మరలు సాధారణముగ రెండే. ఒకటి థ్రాటిల్ ఎంతవరకు మూసికొనవలెనో నిర్ణయించి స్లో స్పీడును దిద్దును. రెండవది స్లో స్పీడులో మిశ్రమపు చిక్కదనమును దిద్దును. లోపలి మార్గములన్నియు అరడజనుకు మించి యుండగా, బయట మరలు రెండే యున్నవన్న సంగతిని విద్యార్థులు బాగుగా గమనింపవలెను. మెయిన్ జెట్టు పూడినపుడు ఈ రెండు మరలను ఎంత త్రిప్పినను ఫలితము శూన్యము.

సముద్రతీరపు బండ్లు

కళింగపట్నము వంశధార సముద్రములో కలియు చోటున నున్న రేవు. దీపస్తంభము చెంత నిలుచున్నవారికి ఉప్పుగాలి, ఇసుక, తేమ మూడును ఒక్కసారిగా ముఖమునకు తగులును. ఈ మూడును కార్బ్యురేటరుకు శత్రువులే.

పాత కార్బ్యురేటర్ల ఒడలు చాలవరకు జింకు మిశ్రలోహముతో పోతపోసినవి. జెట్లు ఇత్తడివి. రెండు వేర్వేరు లోహములు తగిలియున్నచోట ఉప్పుతేమ చేరినచో అది చిన్న విద్యుద్ఘటము వలె పనిచేసి జింకును తినివేయును. గిన్నె అడుగున కనబడు తెల్లని పొడి దాని అవశేషమే. ఆ పొడియే జెట్లలో దూరి వానిని పూడ్చును. ఇసుక గాలిశుద్ధి యంత్రములో నిలువవలెను. దాని నూనె ఎండిపోయినను, కాగితపు మడతలు చిరిగినను ఇసుక గొంతులోనికి వచ్చి థ్రాటిల్ ఇరుసును అరగదీయును. ఇక తేమ. ట్యాంకు సగము ఖాళీగా నుంచి నెలల తరబడి కదలింపని బండిలో, రాత్రి చల్లదనమునకు లోపలి గాలియందలి తేమ నీటిబొట్లై అడుగునకు చేరును. నీరు పెట్రోలుకంటె బరువైనది గనుక గిన్నె అడుగున, సరిగా జెట్టు మూతివద్ద, కాపుండును.

తుఫానుల సంగతి వేరుగ చెప్పవలెను. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను మన జిల్లాలోని పలాస సమీపమున తీరము దాటినది. అట్టి సమయములందు నీట మునిగిన బండిని వెంటనే స్టార్టు చేయరాదు. గాలిశుద్ధి యంత్రమును, ట్యాంకును, గిన్నెను విప్పి నీరు తీసి, ప్లగ్గులు తొలగించి సిలిండర్లలో నీరు లేదని నిశ్చయించుకొన్న పిమ్మటనే ఇంజనును త్రిప్పవలెను. నీరు గాలివలె అణగదు. సిలిండరులో నీరుండగా స్టార్టు చేసినచో కనెక్టింగు రాడ్డు వంగిపోవును.

నింద ఎవరిపై మోపవలెను?

ఇంజను సరిగా నడవనిచో మొట్టమొదట కార్బ్యురేటరు మీద చేయి పడుట లోకములో పరిపాటి. అది పైన కనబడుచుండును, మరలు చేతికందును. కాని అపరాధి మరియొకడై యుండవచ్చును. కావున విప్పుటకు ముందే విచారణ జరుపవలెను.

మొదట గాలిశుద్ధి యంత్రమును చూడవలెను. అది పూడినచో చోక్ లాగినట్లే మిశ్రమము చిక్కబడును. పిదప ప్లగ్గులు, కాంటాక్టు పాయింట్లు, నిప్పురవ్వ పడు సమయము సరిగా నున్నవో లేవో పరీక్షింపవలెను. వాల్వుల సందును కూడ చూడవలెను. ఆ తరువాత పెట్రోలు పంపు సరిగా ఇచ్చుచున్నదా, మధ్యనున్న వడపోత పూడెనా అని చూడవలెను. ఇవన్నియు సరిగా నున్నచో అప్పుడు కార్బ్యురేటరు వంతు.

రోగమును లక్షణములే చెప్పును. పొగగొట్టమునుండి నల్లని పొగ, పెట్రోలు వాసన, ప్లగ్గు మూతిపై పొడి మసి, ఖర్చు పెరుగుట, ఇవి మిశ్రమము చిక్కనైనదనుటకు గుర్తులు. కార్బ్యురేటరు గుండా టపటపమని వెనుకకు ప్రేలుట, యాక్సిలరేటరు నొక్కగానే ఒక్కక్షణము వెనుదీయుట, ఇంజను మితిమీరి వేడెక్కుట, ఇవి పలుచనైనదనుటకు గుర్తులు. ఒక సులభమైన పరీక్ష కలదు. వేడెక్కిన ఇంజను తడబడుచుండగా చోకును కొంచెము లాగవలెను. అంతట నడక బాగుపడినచో మిశ్రమము పలుచగా నున్నదన్నమాట. అనగా జెట్టు పూడియుండవలెను, లేదా ఎచటనో దొంగగాలి దూరుచుండవలెను. దొంగగాలిని పట్టుటకు కార్బ్యురేటరు అడుగు గాస్కెట్టు వెంట కుంచెతో సబ్బునీరు పూయవలెను. ఇంజను ధ్వని మారినచోటనే సందు ఉన్నది. కొందరు ఈ పనికి పెట్రోలు చల్లుదురు. వేడి ఇంజనుపై పెట్రోలు చల్లుట అగ్నిని ఆహ్వానించుటయే.

ప్లగ్గు రంగును గూర్చి ఒక మాట. పూర్వపు పుస్తకములలో కాఫీరంగు సరియైనదని వ్రాసిరి. దేశమున 2000 ఫిబ్రవరి 1 నుండి సీసము కలిపిన పెట్రోలు నిలిచిపోయినది. సీసము లేని పెట్రోలుతో ప్లగ్గు కొంత లేతరంగున నుండును. దానిని చూచి మిశ్రమము పలుచనైనదని తొందరపడరాదు.

శుద్ధి చేయు విధము

ఇంజను చల్లారినపిదప, గాలి ఆడు ఆరుబయట ఈ పని చేయవలెను. బ్యాటరీ నెగటివు తీగను ముందుగా తొలగింపవలెను. పెట్రోలు సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలో సైతము అంటుకొనదగు ఆవిరినిచ్చును. ఆ ఆవిరి గాలికంటె బరువగుటచే నేలవెంట ప్రాకి దూరముననున్న బీడీ నిప్పును చేరగలదు. ఒక బకెట్టు ఇసుకను చెంత నుంచుకొనుట వివేకము.

మొదట కార్బ్యురేటరు వెలుపలి మురికిని కిరసనాయిలుతో కడిగి తుడువవలెను. ఇట్లు చేయక మూత తెరచినచో పైమురికి యంతయు లోపల పడును. కడ్డీలు, స్ప్రింగులు ఏ రంధ్రములో నుండి విప్పితిమో కాగితముపై గీసికొనవలెను. చేతిఫోనుతో ఫోటో తీసికొనుటయు మంచిదే. విప్పిన భాగములను తెల్లగుడ్డ పరచిన పళ్ళెములో వరుసగా నుంచవలెను.

మూత తెరువగానే కడుగుటకు తొందరపడరాదు. గిన్నె అడుగును ముందు చదువవలెను. అచట నున్న మడ్డి ఒక సాక్షి. ఎర్రని తుప్పు కనబడినచో ట్యాంకు లోపల త్రుప్పు పట్టినదని అర్థము. తెల్లని పొడి యున్నచో ఒడలు తినబడుచున్నది. ముత్యములవలె దొర్లు బొట్లు నీరు. ఇసుక యున్నచో వడపోత పనిచేయుట లేదు. నల్లని తునకలు రబ్బరు గొట్టము లోపల కుళ్ళుచున్నదని తెలుపును. మూలమును సరిచేయక గిన్నెను మాత్రము కడిగినచో వారము దినములకు మరల అదే పని చేయవలసి వచ్చును.

జెట్లను వాని గాడికి సరిపోవు స్క్రూడ్రైవరుతోనే విప్పవలెను. ఇత్తడి మెత్తనిది. గాడి చెదరినచో మరల ఊడిరాదు. సోలెక్స్ జెట్టుపై అంకె యుండును. 120 అని యున్నచో రంధ్రపు వ్యాసము సుమారు 1.20 మిల్లీమీటర్లు. దానిని తీగతో గాని, గుండుసూదితో గాని పొడుచుట మహాపరాధము. వ్యాసము 1.20 నుండి 1.25కు పెరిగినను వైశాల్యము 8 శాతమునకు పైగా పెరుగును. అంతమేర పెట్రోలు వృథా. చీపురుపుల్లయు మంచిది కాదు. అది లోపల విరిగి చిక్కుకొనును. కార్బ్యురేటరు శుద్ధికై అమ్ము ద్రావకములో జెట్లను నానవేసి, మెత్తని నైలాను పోగుతో తుడిచి, పంపుగాలితో ఊదవలెను. ఇంధనము పోవు దిక్కునకు ఎదురుగా ఊదిన మురికి వచ్చిన త్రోవనే వెడలును. రబ్బరు డయాఫ్రమును, ప్లాస్టిక్కు ఫ్లోటును ద్రావకములో వేయరాదు. అవి ఉబ్బి చెడిపోవును.

జెట్లను నోటితో ఊదుట, పెట్రోలును గొట్టముతో నోట పీల్చుట మన షెడ్లలో నేటికిని కనబడు దురాచారము. పని నేర్చుకొను పిల్లలకు పెద్దలు మొదట అప్పగించు పని తరచుగ ఇదియే. ఒక్క గుక్క పెట్రోలు ఊపిరితిత్తులలోనికి జారినచో ప్రాణాంతకమైన వాపు కలుగును. మింగినవారిచేత బలవంతముగ వాంతి చేయింపరాదు, వెంటనే వైద్యునికడకు తీసికొనిపోవలెను. చేతితో నొక్కు చిన్న పంపు వెల స్వల్పము. దానిని కొనని పొదుపు పొదుపు కాదు.

ఫ్లోటును చెవివద్ద ఊపి చూడవలెను. లోపల పెట్రోలు గలగలలాడినచో చిల్లి పడినదన్నమాట. ఇత్తడి ఫ్లోటును వేడినీటిలో ముంచిన బుడగలు వెలువడి చిల్లి చోటును చూపును. సీసముతో అతికినచో బరువు పెరిగి ఫ్లోటు క్రుంగును, మట్టము హెచ్చును. కనుక క్రొత్తది వేయుటయే మేలు. నీడిల్ వాల్వు కొన అరిగి గాడి పడినచో దానిని మార్చవలెను. సోలెక్స్ నందు ఆ వాల్వు క్రింది వాషరు మందమే మట్టమును నిర్ణయించును. పాత వాషరు ఊడి పడిపోగా, చేతికి దొరికిన వేరొకటి వేసిన యెడల ఎంతటి నిపుణుడును ఆ ఇంజనును దిద్దలేడు.

థ్రాటిల్ ఇరుసును పట్టి ప్రక్కలకు కదలింపవలెను. అది వదులుగా ఆడినచో దాని చుట్టు దొంగగాలి దూరును. అరిగిన ఇరుసుకు మర త్రిప్పుట మందు కాదు. క్రొత్త బుష్షులు వేయవలెను. అడుగు అంచును అద్దపు పలకపై నుంచి వంగినదా యని చూడవలెను. బిగించునపుడు క్రొత్త గాస్కెట్లు వేసి, మరలను ఒక్కొక్కటిగా గాక కొంచెము కొంచెముగ అన్నిటిని సమముగ బిగింపవలెను. జింకు మిశ్రలోహము అధికబలమునకు ఓర్వదు.

ఎస్.యు. జాతి కార్బ్యురేటరు వేరు. దానిలో గొంతు పరిమాణమే మారుచుండును. గంటవంటి గదిలో ఒక పిస్టను గాలి అవసరమును బట్టి పైకి లేచును, క్రిందికి దిగును. దానికి తగిలించిన సన్నని సూది జెట్టులో ఆడుచు ఇంధనమును కొలుచును. ఆ పిస్టనును, గదిని జతగా చేసిరి. ఒకదాని పిస్టను మరొకదానికి వేయరాదు. గరుకు కాగితముతో రుద్దరాదు. గుడ్డతో తుడిచి శుభ్రపరచిన పిస్టనును ఎత్తి విడిచినపుడు అది టక్కుమని అడుగున తాకవలెను. నడుమనున్న డాంపరులో పలుచని నూనె తగుమాత్రము పోయవలెను. అది ఎండినచో పికప్ చెడును.

సర్దుబాటు

ఇపుడు మర ముట్టుటకు మనకు అధికారము వచ్చినది. బిగించిన పిదప పెట్రోలు ఎచటను కారుట లేదని చూచి, ఇంజనును స్టార్టు చేసి పూర్తిగా వేడెక్కనీయవలెను. చోక్ పూర్తిగా వెనుకకు పోవలెను. చల్లని ఇంజనుపై చేసిన సర్దుబాటు వేడెక్కగానే తారుమారగును.

సోలెక్స్ వంటి వానికి మిశ్రమపు మరను మెల్లగా అంటువరకు లోనికి త్రిప్పి, పిదప సుమారు ఒకటిన్నర చుట్టు వెనుకకు త్రిప్పి ఆరంభింపవలెను. అంటిన తరువాత బిగించినచో దాని మొన చెడును. స్లో స్పీడు మరతో ఇంజనును మామూలుకంటె కొంచెము వేగముగ తిరుగనీయవలెను. మిశ్రమపు మరను పావు చుట్టు చొప్పున లోనికి త్రిప్పుచు పోగా ఒకచోట ఇంజను తడబడును. అచటినుండి మెల్లగా వెనుకకు త్రిప్పగా నడక నునుపై, వేగము హెచ్చి, మరికొంత పోగా బరువెక్కును. ఈ రెంటి నడుమ ఇంజను సునాయాసముగ తిరుగు తావే సరియైనది. పిదప స్లో స్పీడును తయారీదారుని పుస్తకము చెప్పినంతకు తగ్గింపవలెను. అట్టి పాత ఇంజన్లకు అది సాధారణముగ నిమిషమునకు 600 నుండి 800 చుట్ల మధ్య నుండును. వేగము తగ్గించిన పిదప మిశ్రమపు మరను మరల ఒకసారి సరిచూడవలెను. ఒకదానిని మార్చినపుడు రెండవది చలించుట సహజము.

ఎస్.యు. నందు జెట్టు అడుగున నున్న నట్టును పైకి త్రిప్పిన మిశ్రమము పలుచనగును, క్రిందికి త్రిప్పిన చిక్కనగును. సరియైనదో కాదో తెలిసికొనుటకు పిస్టనును సుమారు 0.8 మిల్లీమీటరు మాత్రము పైకెత్తవలెను. ఇంజను వేగము పెరిగి అట్లే నిలిచినచో మిశ్రమము చిక్కన. వెంటనే ఆగిపోవ జూచినచో పలుచన. ఒక్కక్షణము స్వల్పముగా పెరిగి మరల యథాస్థితికి వచ్చినచో సరిగా నున్నదన్నమాట.

మంచి మెకానిక్కు ఈ పనిలో చేతికంటె చెవిని ఎక్కువగ వాడును. అయినను చెవి ఒక్కటియే చాలదు. భారత్ స్టేజి రెండుకు ముందు తయారైన నాలుగు చక్రముల పెట్రోలు బండ్ల పొగలో, స్లో స్పీడునందు కార్బన్ మోనాక్సైడు 3 శాతమునకు మించరాదని మోటారు వాహనముల నియమములు చెప్పుచున్నవి. పొగ పరీక్ష కేంద్రమున యంత్రము చూపు అంకెను మెకానిక్కు తన చెవికి గురువుగా స్వీకరింపవలెను. ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిను దీనిని ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. తలుపులు మూసిన షెడ్డులో ఇంజనును నడిపి సర్దుబాటు చేయువాడు నిద్రవచ్చినట్లు ఒరిగి మరల లేవకపోవచ్చును.

క్రొత్త ఇంధనము, పాత రబ్బరు

నేటి పాతకార్ల యజమానులకు ఒక క్రొత్త సమస్య ఎదురైనది. 2023 ఫిబ్రవరి నుండి మన దేశమున 20 శాతము ఎథనాలు కలిపిన పెట్రోలు విక్రయమునకు వచ్చి క్రమముగ అంతటను వ్యాపించినది. ఎథనాలులో ప్రాణవాయువు కొంత ముందే యున్నది గనుక అది మండుటకు గాలి తక్కువ చాలును. పాత జెట్టు మాత్రము మునుపటి కొలతనే ఇచ్చుచుండును. దానివలన మిశ్రమము 7, 8 శాతము పలుచబడును. క్రొత్త కార్లలో కంప్యూటరు దీనిని కనిపెట్టి సరిచేసికొనును. కార్బ్యురేటరు తనంతట తాను సరిచేసికొనలేదు. అవసరమైనచో మెయిన్ జెట్టును ఒక అంకె పెద్దదిగా మార్చి, ప్లగ్గులను, పొగ అంకెను చూచి నిర్ణయింపవలెను.

మరియు ఎథనాలు తేమను పీల్చుకొనును. నీరు మితిమీరినపుడు ఎథనాలు, నీరు రెండును కలిసి పెట్రోలునుండి విడిపోయి అడుగున చేరును. పాత రబ్బరు గొట్టములు, డయాఫ్రములు దానివలన ఉబ్బును, లేదా బీటలు వారును. కారిన పెట్రోలు వేడి పొగగొట్టముపై పడుట ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. తీరప్రాంతమున బండి నుంచుకొన్నవారు ఈ గొట్టములను ఎథనాలుకు ఓర్చు రకమునకు మార్చుకొనవలెను. నెలల తరబడి నిలిపివేయు బండి గిన్నెను ఖాళీ చేసి యుంచవలెను.

విద్యార్థులకు, కళాశాల సంఘమునకు

మరమ్మతు అను మాట అరబ్బీ భాషలో పుట్టి, ఉర్దూ మూలమున తెలుగింటిలో స్థిరపడినది. ఉస్తాదు అను మాటయు పారసీకమునుండి వచ్చి మన షెడ్లలో గౌరవవాచకమైనది. రెండు భాషలు మాట్లాడు మన కుటుంబములలో ఈ విద్యను చేతితో నేర్చినవారు ఎందరో కలరు. కాని ఆ షెడ్డులోని బాలునికి బెర్నౌలీ పేరు తెలియదు. మన తరగతిలోని బాలునికి జెట్టు రూపము తెలియదు. ఒకడు ఫలము నెరిగి కారణము నెరుగడు. మరియొకడు కారణమును వల్లించి ఫలమును చూచి యెరుగడు. ఈ ఎడబాటువలన ఇద్దరికిని నష్టమే. మొదటివాడు ఇంజెక్షను పద్ధతి రాగానే పని కోల్పోవును. రెండవవాడు పరీక్ష కాగానే పాఠమును మరచును.

ప్రభుత్వ పారిశ్రామిక శిక్షణ సంస్థలలో మోటారు మెకానిక్కు శాఖ రెండు సంవత్సరముల చదువు. పదవ తరగతితో ఆగిపోవు మన పిల్లలకు ఆ మార్గమును చూపుట పెద్దల బాధ్యత. కళాశాల సంఘమువారికి మేము చేయు విన్నపము చిన్నది. పాతసామాను దుకాణమునందు చెడిన కార్బ్యురేటరు స్వల్పమైన వెలకు లభించును. దానిని నిలువున కోయించి, ఇంధనపు మార్గములకు రంగులు వేయించి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో నుంచినచో బెర్నౌలీ సిద్ధాంతము ఏటేటా విద్యార్థుల కన్నులకు కనబడును. దానిని విప్పి చూపుటకు పట్టణములోని అనుభవజ్ఞుడైన ఒక ఉస్తాదును సగౌరవముగ ఒక్కదినము పిలిపించినచో, నోటితో పెట్రోలు పీల్చరాదన్న మాటను మన అధ్యాపకులు ఆయనతో చెప్పవచ్చును. గిన్నె అడుగు మడ్డిని ఎట్లు చదువవలెనో ఆయన మన విద్యార్థులకు నేర్పవచ్చును.